తెల్ల గోడకు అటూ ఇటూ

రెండు ఆకుపచ్చ కుర్చీలు కలిపి వేసుకుని, అమ్మ కోటు కప్పుకుని తొమ్మిదేళ్ల దొమేనికా నిద్రపోతున్న ఫోటో. కోర్టు కాగితాల మధ్య ఆ ఫోటో చూసి నార్సిసా కొయ్యబారిపోయిన చోట పోయిన వారం ఆగాం. కౌంటరు వెనక నిలబడి తీసిన ఫోటో అది. అంటే కాఫీ షాపు లోపలి మనిషి పనే. దాని కింద ఆమె మాజీ భర్త గాలో తరఫు వకీలు ఇలా రాశాడు: "ఇంట్లో కరెంటు లేక ఈ తల్లి పిల్లను కాఫీ షాపుల వెంట తిప్పుతోంది. పిల్లకు పడుకునే చోటు కూడా లేదు. తండ్రి ఇంట్లో జనరేటర్ ఉంది." పిల్ల ఎవరి దగ్గర ఉండాలో తేల్చే విచారణ గురువారం పొద్దున పది గంటలకు, వీడియోలో.

ఈ రోజే గురువారం.

బడి గేటు దగ్గర దొమేనికా అడిగింది. "అమ్మా, సాయంత్రం ఏ షాపు?"

"ఇవాళ ఇంట్లోనే ఉందామేమో."

"ఇంట్లో కరెంటేదీ? ఎనిమిది నుంచి రెండు దాకా, మళ్లీ ఆరు నుంచి పది దాకా." కోతల వేళలు పిల్ల పద్యంలా అప్పజెప్పింది. "దోన్యా హెర్మానియా షాపుకే పోదామమ్మా. చాక్లెట్ పాల నురగ మీద బొమ్మలేస్తారు అక్కడ. మొన్న కుందేలు వేశారు."

ఆ షాపు పేరెత్తొద్దు అని నోటిదాకా వచ్చిన మాటను నార్సిసా మింగేసింది. ఫోటోలోని ఆకుపచ్చ కుర్చీలు ఆ షాపువే.

ఆ ఏడు వానలు లేవు. నదులు అడుగంటి, నీటితో తీసే కరెంటు చాలక, క్విటో నగరం పేటకో వేళ చొప్పున చీకట్లో మగ్గుతోంది. కరెంటు పోయిన అరగంటకే సెల్ టవర్లూ మూగబోతున్నాయి. పరాయి దేశాల కాలేజీ పాఠాలు విని, విన్నది విన్నట్టు టైపు చేసి పంపడం నార్సిసా బతుకుతెరువు. జనరేటరూ నెట్టూ ఉన్న కాఫీ షాపు దొరికితేనే ఆ పని జరుగుతుంది. రెండు నెలలుగా ఆమెకు నగరమంటే మ్యాపు కాదు, ప్లగ్గు ఉన్న బల్లల జాబితా.

ఆ జాబితా ఆమె ఒక్కతే కట్టింది కూడా కాదు. పెళ్లయిన కొత్తలో గాలోకూ ఆమెకూ ఆదివారాలు ఒకటే సరదా. ఒక్కో పేటకు బస్సెక్కి వెళ్లి కొత్త షాపు వెతకడం. వీపు ఆనించుకునే కుర్చీ ఉందా, ఒక్క కప్పు తాగి రెండు గంటలు కూర్చుంటే యజమాని గుర్రుగా చూస్తాడా, పాటల మోత ఎంత, కిటికీలోంచి కొండ కనిపిస్తుందా. చూసి తీర్పు చెప్పేవాళ్లు: ఇది పనికి, ఇది తీరిక్కి. రెండింటికీ సరిపోయేవి ఊరు మొత్తంలో నాలుగు దొరికాయి. విడిపోయినప్పుడు గిన్నెలూ మంచాలూ పంచుకున్నారు గానీ ఆ నాలుగింటినీ ఎలా పంచుకోవాలో ఇద్దరికీ తోచలేదు.

తన వకీలు రాత్రి పంపిన మాటలు నార్సిసా చెవుల్లో మోగుతూనే ఉన్నాయి. "కాఫీ షాపులో కూర్చున్నావని జడ్జికి తెలిస్తే వాళ్ల మాటే నిజమవుతుంది. వెనక తెల్ల గోడ ఉండాలి. చప్పుడు ఉండకూడదు. అడిగితే స్నేహితురాలి ఇల్లని చెప్పు. పదింటికి తెర మీద లేకపోతే నువ్వు రానట్టే రాసుకుంటుంది ఆవిడ."

లా ఫ్లోరెస్తా పేటలో మొదటి షాపు. వెలుగుంది. కానీ కాలిబాట మీద జనరేటర్ రొదకు లోపల కాఫీ చెప్పాలన్నా అరవాల్సి వస్తోంది. ఒక్క ప్లగ్గుకు ఆరు తీగలు వేలాడుతున్నాయి. కోటు వేసుకున్న పెద్దమనిషొకడు ఫోన్లో "వినిపిస్తోందా? ఇప్పుడు వినిపిస్తోందా?" అంటూ షాపంతా తిరుగుతున్నాడు. నార్సిసా గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది.

గ్వాపులో పేట దిగువన రెండోది. ఆ నాలుగింట్లో ఒకటి. పిట్ట కూత తప్ప చప్పుడు లేదు. యజమాని వాకిట్లో ఎండకు కూర్చుని గోళ్లు తీసుకుంటున్నాడు. "డీజిల్ నిన్నటితో సరి. కాఫీ ఇస్తానమ్మా, కరెంటు మాత్రం ఇవ్వలేను."

అక్కణ్నుంచి ఎత్తు ఎక్కి, బస్సు పట్టుకుని, పుస్తకాల షాపు మేడ మీద ఉన్న మూడోదానికి చేరేసరికి తొమ్మిది దాటి పావుగంట. ఖాళీ బల్ల, పక్కనే ప్లగ్గు, వెనక గోడ. సగం కంగారు దిగి ఆమె లాప్‌టాప్ తెరిచింది. ఏప్రన్ కట్టుకున్న అమ్మాయి దగ్గరికి వచ్చింది.

"ఇక్కడ మాట్లాడకూడదండి. టైపు చేసుకోవచ్చు."

"ఒక్క గంటమ్మా. కోర్టు పని. నా బిడ్డ విషయం."

"అందరూ ఏదో ఒకటి చెబుతారండి. నిన్న ఒకాయన పెళ్లిచూపులన్నాడు." అమ్మాయి నొచ్చుకుంటూనే చెప్పింది. "ఒప్పుకుంటే నా ఉద్యోగం పోతుంది."

మెట్లు దిగుతూ చూసుకుంది. తొమ్మిదిన్నర. బ్యాటరీ నూటికి పంతొమ్మిది. నడిచి చేరగలిగినది ఇక ఒక్కటే మిగిలింది. సాంతా క్లారా సంత వెనక, ఆకుపచ్చ కుర్చీల షాపు.

పరుగులాంటి నడక.  ఆ ఫోటో తీసిన చెయ్యి ఎవరిదో ఆ మనిషినే ప్లగ్గు అడుక్కోవాలి.

షాపు యజమానురాలు దోన్యా హెర్మానియాకు అరవై దాటాయి; 'దోన్యా' అంటే అమ్మగారని. మొక్కజొన్న పిండి అంటిన చేతులతో గుమ్మానికి ఎదురొచ్చి, నార్సిసాను చూసి ఆగిపోయింది.

"నువ్వా తల్లీ... ఇవాళా?" అంటూ వంటగది వైపు ఒక చూపు చూసింది.

"ఏం, ఇవాళ రాకూడదా?" నార్సిసా నిలదీసింది. "నా పిల్ల పడుకుంటే ఫోటో తీసింది మీరేనా? నమ్మి మీ దగ్గర కూర్చోబెట్టి బాత్రూముకు వెళ్లేదాన్ని కదా దోన్యా!"

ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. కాదనలేదు, అవుననలేదు. "ముందు నీ పని కానియ్. తర్వాత ఎంత తిడతావో తిట్టు. ఎన్నింటికి?"

"పదింటికి."

"దేవుడా!" అంది ఆవిడ. అలా ఎందుకందో నార్సిసాకు అర్థం కాలేదు. అడిగే వ్యవధీ లేదు.

పిండి బస్తాలు పేర్చే వెనక గది. సున్నం కొట్టిన చెక్క అడ్డుగోడ. దానికి వీపు పెట్టి కూర్చుంటే తెర మీద తెల్లగా, ఇల్లులాగే కనిపిస్తుంది. ప్లగ్గు పెట్టింది. ఇయర్‌ఫోన్స్ చెవుల్లో దోపింది. జుట్టు సర్దుకుంది. పది కావడానికి ఒక్క నిమిషం ఉందనగా తెర వెలిగింది.

జడ్జి ఒక గడిలో, కళ్లజోడుతో. నార్సిసా వకీలు ఒక గడిలో కనిపించి, "మేడం, నేను..." అని మాయమైపోయాడు. ఆయన పేటలో కరెంటు పోయినట్టుంది; గాలో వకీలు గడి అసలు వెలగనే లేదు. మూడో గడిలో గాలో. దువ్విన తల, నీలం చొక్కా, వెనక తెల్ల గోడ. కొత్త ఇంటి గోడ కాబోలు అనుకుంది నార్సిసా. 

"గాలో గారూ, మీరు ఎక్కణ్నుంచి మాట్లాడుతున్నారు?" జడ్జి అడిగింది.

"మా ఇంటి నుంచే మేడం."

నార్సిసా ఉలిక్కిపడింది. ఆ మాట ఆమెకు రెండుసార్లు వినిపించింది. ముందు వీపు వెనక గోడలోంచి, అర క్షణం ఆగి ఇయర్‌ఫోన్స్‌లోంచి.

కుడి చెవిది మెల్లగా తీసింది.

"జనరేటర్ ఉంది మేడం. పాపకు వేరే గది ఉంది, చదువుకునే బల్ల ఉంది." గోడలోంచి. చెయ్యి చాపితే తాకేంత దూరంలోంచి.

 ఈ మనిషి ఇల్లు అంటున్నది ఈ షాపునే! ఒక్క మాట చాలు. 'మేడం, ఈయన నా వెనక గదిలో ఉన్నాడు.' కేసు అక్కడికక్కడే తేలిపోతుంది. కానీ ఆ మాట అన్నాక జడ్జి అడిగే తర్వాతి ప్రశ్న ఏమిటో కూడా ఆమెకు తెలుసు. మరి నువ్వెక్కడ ఉన్నావమ్మా?

సరిగ్గా అప్పుడే బయట కౌంటరు మీద కాఫీ గింజలు ఆడించే మర గర్రుమంది.

జడ్జి కళ్లజోడు పైకెత్తింది. "ఏమిటా చప్పుడు? ఇద్దరి దగ్గరా ఒకేసారి వస్తోంది."

 మర ఆగింది. తెరమీద గాలో తల వెనక్కి తిరిగింది, గోడ వైపు. అతనికి ఆ క్షణంలోనే తెలిసిపోయిందని నార్సిసా గ్రహించింది.

"నార్సిసా గారూ, మిమ్మల్నే అడుగుతున్నాను. మీరు ఎక్కడున్నారు?"

స్నేహితురాలి ఇల్లు. మూడు నాలుగు సార్లు సాధన చేసిన మాట. నాలుక మీదే ఉంది. కానీ రేపు ఇదే జడ్జి దొమేనికాను పిలిచి, మీ అమ్మ నిజం చెబుతుందా అని అడిగితే?

"కాఫీ షాపులో ఉన్నాను మేడం." చెప్పేసింది. చెప్పాక ఊపిరి అందింది. "మా ఇంట్లో రెండింటిదాకా కరెంటు రాదు. పొద్దుట్నుంచి ఇది నాలుగో షాపు. నా వెనక ఉన్నది ఇల్లు కాదు, పిండి బస్తాల గది. పాప రోజూ సాయంత్రం ఇక్కడ నా పక్కనే కూర్చుని హోంవర్కు చేసుకుంటుంది. ఆ ఫోటో నిజమే. ఆ రోజు దానికి జలుబు చేసింది, నిద్రొచ్చింది, పడుకోబెట్టాను. పని మధ్యలో వదిలేస్తే ఉద్యోగం పోతుంది. చీకటి ఇంట్లో ఒక్కదాన్నీ వదిలి రాలేను. ఇంకేం చెయ్యాలో నాకు తెలియలేదు మేడం. ఎవరైనా చెబితే చేస్తాను."

జడ్జి ఏదో రాసుకుంది. "గాలో గారూ, మరి మీ దగ్గర ఆ చప్పుడు?"

గోడ వెనక కుర్చీ జరిగిన చప్పుడు.  నిజం చెప్పేస్తాడనుకుంది నార్సిసా.

"పక్కింట్లో మిక్సీ మేడం."

జడ్జి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "సరే. మా కోర్టు నుంచి ఒక ఆఫీసరు ఇవాళే వస్తారు. తల్లి ఇల్లు, తండ్రి ఇల్లు, ఆ కాఫీ షాపు, మూడూ చూస్తారు. ఆవిడ రాసింది చదివాకే నేను నిర్ణయిస్తాను. నార్సిసా గారూ, షాపు చిరునామా చెప్పండి."

నార్సిసా చెప్పింది. ఒక్కొక్క మాటా విడివిడిగా, గోడకు అటువైపు వాళ్లకూ వినిపించేలా.

తెర నల్లబడింది. ఆమె ఇయర్‌ఫోన్స్ తీసేసింది. తర్వాత వేలి కణుపుతో గోడ మీద రెండుసార్లు కొట్టింది.

"పక్కింటి మిక్సీ ఆగిందా?"

 వంటగది వైపు తలుపు కిర్రుమంది. గాలో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పైన ఇస్త్రీ చేసిన నీలం చొక్కా, కింద తడిసిన ప్యాంటు, రబ్బరు బూట్లు. చేతిలో ముడిచిన ఏప్రన్.

"నార్సీ..."

"అలా పిలవకు. ఏమిటీ వేషం?"

"గిన్నెలు కడుగుతున్నా. ముప్ఫై అయిదు రోజులైంది." అతను నేల చూపులు చూస్తూ చెప్పాడు. "నేను పనిచేసే ఐస్‌క్రీము కార్ఖానా మూతపడింది. కరెంటు లేకపోతే ఏం గడ్డకడుతుంది? ఇల్లు ఖాళీ చేశాను. ఇక్కడే, పైన సామాన్ల గదిలో పడుకుంటున్నా."

"మరి జనరేటరు? పాపకు వేరే గది? చదువుకునే బల్ల?"

"కేసు వేసినప్పుడు ఉన్నాయి."

"ఇందాక జడ్జి అడిగినప్పుడు?"

అతను ఏప్రన్ మెలిపెట్టాడు.

"ఆ ఫోటో?"

"నేనే తీశా. కేసు కోసం కాదు నార్సీ, ఒట్టు. కోటులోంచి దాని పాదం బయటికొచ్చింది. చిన్నప్పుడు కూడా అంతేగా, ఎంత కప్పినా ఒక కాలు బయట పెడుతుంది. చూసి ఉండలేకపోయా. తర్వాత వకీలు ఏదైనా ఆధారం ఉందా అన్నాడు." గాలో ఏప్రన్‌ను ఇంకా గట్టిగా మెలిపెట్టాడు. "ఇచ్చింది నేనే. ఎవరూ నా చెయ్యి పట్టుకుని ఇప్పించలేదు."

"ముప్ఫై అయిదు రోజులు. రోజూ నేను పిల్లతో అక్కడ కూర్చుంటే నువ్వు వంటగది తెర వెనక నక్కి చూస్తూ ఉన్నావు."

"నురగ మీద బొమ్మలు వెయ్యడం తప్ప ఇంకేం చెయ్యగలను?"

ఆ మాటకు నార్సిసాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కోపమే గెలిచింది. "కుందేలు బొమ్మ వేసిన చేత్తోనే నా పిల్లకు పడుకునే చోటు లేదని సంతకం పెట్టావు గదయ్యా! ఏం మనిషివి నువ్వు?"

"అరవకండర్రా, బయట జనం ఉన్నారు." దోన్యా హెర్మానియా మధ్యలోకి వచ్చింది. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. "తప్పు నాది. ఇద్దరూ నా దగ్గరికే వచ్చారు, ఇద్దరికీ వేరే చోటు లేదు. ఒకరి సంగతి ఒకరికి చెబితే రెండో మనిషి రావడం మానేస్తుంది. పెళ్లికి ముందు ఆ కిటికీ బల్ల దగ్గర ఒక్క మొక్కజొన్న హుమితా చెరి సగం తిన్నవాళ్లు మీరు. ఎవరిని పొమ్మనను?"

గాలో ఏప్రన్ కట్టుకున్నాడు. "ఆఫీసరు వచ్చేలోపు నేను వెళ్లిపోతాను."

"ఎక్కడికి?" అడిగింది నార్సిసా. "నీ ఇంటికా?"

అతను అటూ ఇటూ కదిలేలోపే షాపు గంట మోగింది. ముందు గది నుంచి ఒక ఆడగొంతు. "ఎవరండీ లోపల? ప్లగ్గున్న బల్ల ఏదైనా ఖాళీ ఉందా?"

నలభై అయిదేళ్లుంటాయి ఆవిడకు. చంకలో లావుపాటి ఫైలు, భుజాన లాప్‌టాప్ సంచి. బయటికొచ్చిన నార్సిసాను ఎగాదిగా చూసి, "నార్సిసా గారేనా? నన్ను కోర్టు వాళ్లు పంపారు. సాయంత్రం రావాల్సింది. మా ఆఫీసు పక్క పేటలోనే, ఇప్పుడే అక్కడ కరెంటు పోయింది. ఎలాగూ చూడాల్సిన షాపేగా, ఇక్కడే కూర్చుని రాసుకుందామని వచ్చేశా." చుట్టూ చూసి, గోడవార బల్ల ఎంచుకుంది. కుర్చీని ఊపి చూసింది. "బాగుందే చోటు. ఊళ్లో ఇలాంటివి ఎక్కడున్నాయో తెలియక చస్తున్నాం. ఒక కాఫీ చెప్పండి, చిక్కగా."

హెర్మానియా చేతులు వణుకుతుంటే కప్పు సాసరు మీద టకటకలాడింది. ఒలికేలా ఉందని గాలో ఆ కప్పు అందుకున్నాడు. అలవాటు కొద్దీ అందుకున్నాడు. రెండడుగులు వేశాక గాని తనేం చేస్తున్నాడో అతనికి తెలియలేదు. అప్పటికే ఆఫీసరు అతన్ని చూసేసింది.

"నువ్విక్కడ రోజూ ఉంటావా నాయనా?"

"ఉంటానండి."

"అయితే నీతోనే పని. యజమానులు ఎప్పుడూ బాగానే చెబుతారు. సాయంత్రాలు వచ్చే పాప తెలుసా, దొమేనికా?"

"తెలుసండి."

నార్సిసా కౌంటరు అంచు పట్టుకుంది. ఇప్పుడు ఈ మనిషి నోటి నుంచి ఏ మాటొచ్చినా అది కాగితం మీదికెక్కుతుంది.

"వాళ్లమ్మ ఎలా చూసుకుంటుంది? దాచకుండా చెప్పు. తిడుతుందా? పట్టించుకోకుండా పని చేసుకుంటుందా?"

గాలో కప్పును బల్ల మీద పెట్టాడు. 

"ఇయర్‌ఫోన్ ఒక చెవిలోనే పెట్టుకుంటుందండి. రెండోది పిల్ల కోసం ఖాళీగా ఉంచుకుంటుంది. పిల్ల తిన్నాకే ఆవిడ తింటుంది. పిల్లకు లెక్కలు రాకపోతే పని ఆపి చెబుతుంది. ఆపినంతసేపూ మళ్లీ రాత్రి కూర్చోవాలి గదండీ, అయినా ఆపుతుంది. పడుకోబెట్టిన రోజు కోటు పిల్లకు కప్పేసి తను వణుకుతూ టైపు చేసింది. నేను చూశాను." అతను కప్పును ఆవిడ వైపు జరిపాడు. "ఆ పిల్లను ఇంతకన్నా బాగా చూసేవాళ్లు లేరండి."

ఆఫీసరు కలం ఆగకుండా నడిచింది. పేజీ నిండింది. ఆవిడ తల ఊపి, కొత్త పేజీ తిప్పింది. "ఇన్ని కేసులు చూశాను, ఇంత వివరంగా చెప్పిన సాక్షి దొరకలేదు. ఇది జడ్జి గారికి చాలా పనికొస్తుంది. పేరు చెప్పు, కింద రాసి సంతకం తీసుకుంటాను."

షాపులో ఎవరో చెంచాతో చక్కెర కలుపుతున్న చప్పుడు. హెర్మానియా రెండు చేతులతో నోరు మూసుకుంది. నిజం పేరు చెబితే ఇందాక కోర్టులో ఆడిన అబద్ధం బయటపడుతుంది, పిల్ల అతనికి దూరమవుతుంది. ఇంకో పేరు చెబితే నార్సిసా కోసం చెప్పిన ప్రతి మాటా దొంగ సాక్ష్యమవుతుంది. ఆమె దాన్ని చూస్తూ ఊరుకున్నట్టే అవుతుంది.

గాలో ఆఫీసరు వైపు చూడలేదు. నార్సిసా వైపే చూశాడు.

"పేరు చెప్పడానికి ఇంత ఆలోచనేంటి నాయనా?" నవ్వుతూ అంది ఆఫీసరు. కలం కాగితం మీద ఆనింది.

"నేను చెబుతానండి," అంటూ నార్సిసా కౌంటరు వదిలి ముందుకు వచ్చింది.